మన్యపు వేటయందు దుర్భిణి



దుర్భిణి యను మాట మనది కాదు. అది పారసీకమునుండి వచ్చినది. "దూర్" అనగా దూరము, "బీన్" అనగా చూచునది. ఒంటిగొట్టపు దుర్భిణి నావికులకును జ్యోతిశ్శాస్త్రజ్ఞులకును పనికివచ్చునది. నేను చెప్పబోవునది రెండు కన్నులకును ఒక్కమాఱుగా ఆనించి చూచు జంటగొట్టముల దుర్భిణిని గూర్చి. వేటకాండ్రు దాని నెట్లెంచుకొనిరి, అరకులోయ మొదలు పాడేరు, చింతపల్లి వఱకు గల మన్యపుకొండలలో అది యెవరికి ఉపకరించినది, ఇప్పుడది యెవరిచేతిలో నుండదగినది యనునవి నేటి ప్రసంగవిషయములు.

వేటకానికి దుర్భిణి యేల? దూరమందలి మృగమును దగ్గఱగా చూచుటకని యెల్లరును చెప్పుదురు. ఆ మాట సగమే నిజము. మన యితిహాసపురాణములందలి వేటకథలను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. సరయూతీరమున చీకటివేళ కడవ మునుగు చప్పుడు విని, యేనుగు నీరు త్రావుచున్నదని దశరథుడు శబ్దవేధిబాణమును విడిచెను. తగిలినది మునికుమారునకు. పాండురాజు లేళ్ళజంటను కొట్టితి ననుకొనెను. ఆ లేడి కిందముడను ఋషి. పొదలమాటున కనబడిన శ్రీకృష్ణుని పాదమును జర యను బోయ లేడి యనుకొనెను. ఈ మూడింటను బాణము గుఱి తప్పలేదు. కొట్టుచున్నది యేదియో తెలియకపోవుటయే అనర్థమునకు మూలము. దుర్భిణియొక్క ముఖ్యప్రయోజన మిదియే: బాణము విడువకముందు, తుపాకి పేల్చకముందు, ఆ కదలునది మృగమో మనుష్యుడో, మగదో ఆడదో, పిల్లలతల్లియో తెలిసికొనుట. ఎంచుకొనుటలోని సూక్ష్మములన్నియు ఈ యొక్కమాటనుండియే పుట్టుచున్నవి.

మన్యపువారి వేటకు అనాదిగా దుర్భిణితో పనిలేదు. కొండదొరలు, బగతలు, వాల్మీకులు, కొటియాలు, పోర్జలు, గదబలు మున్నగువారికి చైత్రమాసపు వేట పండుగలో భాగము. మన ప్రాంతమువారు దానిని ఇటుకల పండుగ అందురు. విత్తనములను గ్రామదేవత యెదుట నుంచి పూజించి పంచుకొందురు. పురుషులు విండ్లును, బల్లెములును, కుక్కలును వెంటగొని అడవికి పోవుదురు. స్త్రీలు దారికి అడ్డముగా కఱ్ఱ పెట్టి బాటసారులయొద్ద పండుగపైకము పుచ్చుకొందురు. రిక్తహస్తులై తిరిగివచ్చిన మగవారిపై పేడనీళ్ళు చల్లి పరిహసించుటయు నొక యాచారము. వేటకాని పౌరుషమున కింతకంటె గట్టిపరీక్ష వేఱొకటి కలదా!

ఆ వేటలో కొందఱు కేకలతోడను డప్పులతోడను మృగములను తోలుదురు. మఱికొందఱు దారి కాచి పొదలచాటున కూర్చుందురు. దుప్పియో, కణుజో, కొండగొఱ్ఱెయో, అడవిపందియో బయలువెడలి వచ్చునప్పటికి దూరము ముప్పది నలువది అడుగులకు మించదు. అట్టిచోట అద్దములతో పనియేమి? అంతకుముందే తెలియవలసినదంతయు చెవియు, ముక్కును, నేలమీది జాడయు చెప్పుచుండును. కొండముచ్చు కూసిన కూతను బట్టి చెట్టుక్రింద నడచునది చిఱుతపులియో కాదో పోల్చుకొనువారు ఈ కొండలలో నుండిరి. తడిసిన యాకుమీద గిట్టగుర్తు ఎన్ని గడియలనాటిదో చెప్పువారు నుండిరి. ఇది బడులలో నేర్పు విద్య కాదు.

మైదానపు వేట వేఱు. అక్కడ చూపే ప్రధానము. మన రాజులు వేటకు పెంచిన సివంగి, అనగా చీతా, చూపుతో వేటాడు మృగము. జింకల మందను దూరమునుండి చూచి, వెన్నాడి పట్టును. విజయనగర ప్రభువుల యొద్దను అట్టి సివంగి యుండెను. 1880లో దానితో వేటకు పోయినపుడు విశాఖపట్టణమున గవర్నరు ఏజెంటుగానున్న ఇర్విన్ దొర దానివాత పడి మరణించెను. మనదేశమున చీతా మనుష్యుని చంపినట్లు ప్రసిద్ధమైన వృత్తాంత మిదొక్కటియే. ఇది ప్రసంగమునకు కొంచెము దూరపుమాటయే గాని, మన జిల్లాలో జరిగినది గనుక చెప్పితిని.

ఇక దుర్భిణి పుట్టుక. 1608లో హాలెండు దేశమున మిడిల్‌బర్గు పట్టణపు కంటియద్దముల పనివాడు హాన్స్ లిపర్షే యనువాడు దూరపువస్తువును దగ్గఱగా చూపు గొట్టమును ప్రభుత్వమువారికి చూపెను. వారు దానిని మెచ్చి, రెండు కన్నులతో చూచుటకు వీలుగా చేసి యిమ్మని యడిగిరి. జంటగొట్టముల తలపు దుర్భిణితోడనే పుట్టినదన్నమాట. మఱుసటియేట గెలీలియో దానిని ఆకాశమునకు త్రిప్పెను. ఆ పద్ధతిలో ముందు ఉబ్బద్దమును, కంటియొద్ద గుంటయద్దమును ఉండును. బొమ్మ నిలువుగానే కనబడును గాని, కనబడు మేర తాళపుచెవి రంధ్రమంత యిఱుకు. 1611లో కెప్లరు రెండుప్రక్కలను ఉబ్బద్దములే పెట్టు పద్ధతిని చెప్పెను. మేర విశాలమైనది, బొమ్మ తలక్రిందులైనది. ఆకాశమున గ్రహము తలక్రిందులైనను నష్టము లేదు. అడవిలో కణుజు తలక్రిందులైన వేటకాడేమి చేయును?

తలక్రిందుల బొమ్మతో తృప్తిపడి ఘనకార్యములు చేసినవారు మన విశాఖపట్టణమునను కలరు. గోడే వెంకట జగ్గారావుగారు (1817–1856) తమ సొంత ధనముతో అచ్చట నక్షత్రశాలను నెలకొల్పిరి. వారి యనంతరము అల్లుడైన అంకితం వెంకట నరసింగరావుగారు (1827–1892) దానిని వృద్ధిపఱచి, 1874లో శుక్రగ్రహము సూర్యబింబమునకు అడ్డముగా నడచుటను పరిశీలించిరి. మన మన్యపుకొండలకు దిగువనే ఒక తెనుగు జమీందారు దుర్భిణితో శుక్రుని చూచుచుండగా, కొండమీదివానికి ఆ వస్తువు పేరైనను తెలియదు.

బొమ్మను నిలువుగా త్రిప్పు నుపాయము 1854లో ఇటలీ దేశస్థుడైన పోరో కనుగొనెను. గొట్టములో రెండు గాజుపట్టకములు నుంచినచో వెలుగు అటునిటు మఱలి బొమ్మ సరియగును, గొట్టమును కుఱచయగును. కాని నాటి గాజు మంచిది కాకపోవుటచే ఆ యుపాయము మూలబడెను. నలువదియేండ్లకు జర్మనీలోని యేనా పట్టణమున ఎర్నెస్టు ఆబె యను శాస్త్రజ్ఞుడు మేలైన గాజుతో దానిని పునరుద్ధరించెను. 1894లో కార్ల్ జైస్ కర్మాగారమువారు అట్టి జంటదుర్భిణులను అమ్మకమునకు పెట్టిరి. భుజములు ముందుకు పొడుచుకొని వచ్చినట్లుండు దుర్భిణిని మీరు చూచియుందురు. అది ఆనాటి రూపమే.

ఈ వస్తువు మన కొండలకు దొరలమెడలలో వ్రేలాడుచు వచ్చినది. అప్పటికే చట్టములును వచ్చియున్నవి. 1873లో అడవియేనుగుల రక్షణకు చెన్నపట్టణపు ప్రభుత్వము చట్టము చేసెను. 1882లో మద్రాసు అడవిచట్టము పుట్టెను. 1912లో పక్షిమృగముల రక్షణకు మఱియొక చట్టము. మృగములను రక్షింపవలెననుట మంచిమాటయే. కాని దాని నడక యెట్లున్నదో చూడుడు. రిజర్వు అడవిలో అనుమతిపత్రమును, రైఫిలును గలవాడు వేటకాడు. అదే యడవిలో తాతలనాటి వింటితో తిరుగువాడు నేరస్థుడు. ఒకడు తలను గోడకు తగిలించుకొనుటకు కొట్టినది క్రీడ. వేఱొకడు కూటికి కొట్టినది దొంగతనము. పోడుకొట్టుకొనుటకును అడ్డువచ్చిన ఆ యడవిచట్టము, రహదారిపనులలోని వెట్టితో చేరి, ప్రజలను విసిగించినది. 1922 ఆగష్టులో అల్లూరి సీతారామరాజుగారి దండు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలనుండి తుపాకులను కొనిపోవుటకు దారితీసిన కష్టములలో అది యొకటి.

విచిత్రమేమనగా, దొరవేటలోను మృగమును ముందుగా కనిపెట్టువాడు తఱచుగా వెంటనడచు కొండవాడే. దొరలు వ్రాసిన వేటపుస్తకములలోనే యీ యొప్పుకోలు పలుమాఱు కానవచ్చును. కొండవాడు వ్రేలితో చూపును, దొర దుర్భిణితో వెదకును. వ్రేలు చూపినది "ఉన్నది" అని. దుర్భిణి చెప్పవలసినది "ఇది యేది" అని. కొమ్ములు గలదా, ముసలిదా, వెంట పిల్ల కలదా యనునది అద్దము తేల్చును. ఈ రెండు పనులును వేఱని తెలిసికొన్న వేటకాడే దుర్భిణిని సరిగా నెంచుకొనెను.

ఎంచుకొనుట యనగా అంగడిలో మొదట అడుగు ప్రశ్న "ఎన్ని రెట్లు పెద్దగా చూపును?" అనునదే. ఆ ప్రశ్నయే మోసము. దుర్భిణిమీద 8×30 అనియో 7×50 అనియో వ్రాసియుండును. మొదటి యంకె ఎన్నిరెట్లు దగ్గఱచేయునో చెప్పును. ఎనిమిదియైనచో ఎనిమిదివందల గజముల దూరమందలి మృగము నూఱుగజములలో నున్నట్లు కనబడును. రెండవ యంకె ముందటి యద్దపు వెడల్పు, మిల్లీమీటర్లలో. ఈ రెండవదానినే అడుగువారరుదు. రెట్లు పెరిగినకొలది మూడు నష్టములు కలుగును. చేయి వణకిన బొమ్మయు అన్నిరెట్లు వణకును. కనబడు మేర యిఱుకగును. వెలుగు తఱుగును. పదిరెట్లకు మించినదానిని చేత పట్టుకొని చూచుట కష్టము, కొండయెక్కి రొప్పుచున్నవానికి మఱియు కష్టము.

వెలుగు లెక్క యిట్లు: వెడల్పును రెట్లతో భాగింపవలెను. 8×30లో ముప్పదిని ఎనిమిదితో భాగించిన 3.75. కంటిలోనికి వచ్చు వెలుగుబిళ్ళ అన్ని మిల్లీమీటర్ల వెడల్పన్నమాట. 7×50లో అది ఏడుకు పైబడును. 10×25లో రెండున్నర మాత్రమే. పట్టపగలు మన కనుపాప రెండు మూడు మిల్లీమీటర్లే తెఱచుకొనును గనుక చిన్నబిళ్ళయైనను చాలును. కాని మృగములు పట్టపగలు తిరుగవు. ప్రొద్దు పొడుచుటకు ముందును, క్రుంకిన వెనుకను వెలికివచ్చును. అప్పుడు పడుచువాని కనుపాప ఏడు మిల్లీమీటర్ల వఱకు విప్పారును. అందుచేత సంజవెలుగులో మంచెమీద కూర్చుండువానికి 7×50 మేలని చెప్పిరి. చీకటిపడువేళ వట్టికంటికి నల్లనిపొదగా నుండునది దానిలో దున్నయని తేలును. అయితే అది బరువు. కొండయెక్కి దిగువానికి మెడ విఱుగును.

ఇచట మన వయస్సువారికి ఒక మాట. అరువది దాటినవారి కనుపాప చీకటిలోనైనను అయిదు మిల్లీమీటర్లకు మించి విప్పారుట తక్కువ. అట్టివారు 7×50కు పైకము పోసినను మిగిలిన వెలుగు కనుపాపచుట్టు పడి వ్యర్థమగును. ముసలికన్నులకు 6×30 గాని, నేడు విరివిగా దొరకు 8×42 గాని చాలును. రెండింటను బిళ్ళ అయిదు మిల్లీమీటర్ల ప్రాంతమే. కంటియద్దములు పెట్టుకొనువారు కంటికిని దుర్భిణికిని నడుమ కనీసము పదునైదు మిల్లీమీటర్ల యెడముంచినను మేరయంతయు కనబడునట్టిదానిని అడిగి తీసికొనవలెను. లేనిచో గుండ్రనిబొమ్మ నడిభాగమే కనబడును.

మన్యపు భూమికిని దీనికిని గల సంబంధమును మఱువరాదు. అరకులోయ సముద్రమట్టమునకు మూడువేల అడుగుల యెత్తున నున్నది. చుట్టునున్న కొండలు అయిదువేలు దాటును. ఒక శిఖరమునుండి ఎదుటి వాలులోని పోడును చూచుటకు పదిరెట్లది బాగుగనే యుండును. కాని లోయలోని యడవిలో ఏబది గజములకు మించి చూపు సాగదు. అక్కడ కావలసినది విశాలమైన మేర. మృగము ఒక చెట్టునుండి వేఱొకచెట్టునకు దాటునంతలో దొరకవలెను గదా! 1920లో జైస్‌వారు విడిచిన 8×30 డెల్‌ట్రింటెం అను దుర్భిణి లోకమంతట ప్రసిద్ధికెక్కుటకు కారణమిదియే. తేలిక, మేర విశాలము, నడుమనున్న ఒక్క చక్రమును త్రిప్పిన రెండుకన్నులకును ఒకేమాఱు కుదురును. సైన్యపు దుర్భిణులలో తఱచుగా కన్నుకన్నునకు వేఱువేఱుగా త్రిప్పుకొనవలెను. సముద్రమున నది తగును. ఇప్పుడు ఇరువది గజములలోను, మఱునిమిషమున ఇన్నూఱు గజములలోను చూడవలసిన అడవిలో తగదు.

పాతదుర్భిణులలో వేఱొక లోపముండెను. వెలుగు గాజులోనికి పోవునపుడును వెలికి వచ్చునపుడును నూటికి నాలుగైదు వంతులు వెనుకకు మఱలును. అట్టితావులు ఒక్క గొట్టములో పదివఱకు నుండును. కడపట కంటికి చేరునది నూటికి అఱువదియో అఱువదియైదో. 1935లో జైస్‌వారి యొద్ద పనిచేయుచున్న స్మకూలా యను శాస్త్రజ్ఞుడు గాజుమీద అతిసన్నని పూత పూసి ఈ నష్టమును తగ్గించెను. యుద్ధకార్యములకు పనికివచ్చునని ఆ విద్యను మొదట రహస్యముగా నుంచిరి. నేటి మంచిదుర్భిణులలో నూటికి తొంబదివంతుల వెలుగు దాటివచ్చును. అద్దమును వాలుగా పట్టి చూచిన పచ్చనిదియో ఊదాయో యగు మందమైన నిగ కానవచ్చిన పూత కలదన్నమాట. తళతళలాడు ఎఱ్ఱపూత వేసి అమ్మువానిని చూచి మోసపోరాదు. అది తఱచుగా చౌకగాజు దోషములను కప్పుటకు వేసిన వేషమే.

కొనునపుడు దుర్భిణిని కన్నులకు కొంచెము దూరముగా పట్టి, కంటియద్దములోని వెలుగుబిళ్ళను చూడుడు. అది నిండుగుండ్రముగా నుండవలెను. నాలుగుమూలలు నఱికినట్లున్న పట్టకములు తక్కువరకము. తాటిచెట్టు మ్రానును చూడుడు. రెండు మ్రాకులుగా గాని, చూచినకొలది తలనొప్పిగా గాని తోచినచో గొట్టములు సమముగా లేవు. ఎంత చౌకయైనను విడువుడు. సూర్యునివైపు త్రిప్పుట చూపునకే ముప్పు. పిల్లలచేతి కిచ్చునపుడు ఈ మాట తప్పక చెప్పవలెను. మన్యపువానలలో అద్దములలోపల బూజు పట్టి సాలెగూడువలె అల్లుకొనును. వానకాలమున తోలుసంచిలో నుంచక, మూత బిగువైన డబ్బాలో తేమను పీల్చు సిలికా పొట్లములతో నుంచిన కొంత మేలు. ఇప్పుడు కొన్నింటిలో గాలికి బదులు నత్రజని నింపి బిగించుచున్నారు. మన తడికొండలకు అట్టివి తగినవి.

ఇంతయు విని, వేటకు కొందుమని యెవరైనను తలంచిన, ఆ కాలము గడచినదని చెప్పవలెను. 1970లో దేశమంతట పులివేటను నిషేధించిరి. 1972లో వన్యమృగసంరక్షణ చట్టము వచ్చెను. అనుమతిపత్రముల దొరవేటయు, వింటివేటయు క్రమముగా నేరములైనవి. 2006లో అడవిహక్కుల చట్టము కొండవారికి భూమిమీదను, తేనె, చింతపండు, అడ్డాకు వంటి ఫలసాయముమీదను హక్కుల నిచ్చినది గాని, వేటహక్కును మాత్రము పేరెత్తి మినహాయించినది. మృగములు తఱిగినవి గనుక ఆ మినహాయింపు అన్యాయమని నేననను. అయితే తఱిగించినవారెవరు, శిక్ష పడినదెవరికి అని అడుగుటకు కొండవానికి హక్కు కలదు. వేట పోయిన పోనిండు; కూత విని పులిని చెప్పిన యా యెఱుక పోవుట నాకు పెద్దనష్టముగా తోచుచున్నది. దానిని వ్రాసి పెట్టినవారు లేరు. తెలిసిన ముదుసళ్ళు ప్రతియేట తగ్గిపోవుచున్నారు.

ఆ యెఱుక విలువ యెంతటిదో కడపజిల్లాలో తేలినది. తూర్పుకనుమల దక్షిణపుకొసలో కలివికోడి యను పక్షి కలదు. 1848లో జెర్డన్ దొర దానిని లోకమునకు తెలిపెను. 1900 తరువాత అది యెవరికిని కానరాక, నశించినదనియే పండితులు తలంచిరి. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారి వెదకులాటలో, ఆ యూరి పిట్టలవేటగాడొకడు రాత్రివేళ దీపపువెలుగులో దానిని కనుగొనెను. ఎనుబదియైదేండ్లు పండితులకు చిక్కని పక్షి వేటగాని కంటికి చిక్కినది. 1988లో అచ్చట లంకమల్లేశ్వర అభయారణ్యమేర్పడెను.

పూర్వము పక్షిశాస్త్రజ్ఞులును తుపాకితోనే పక్షులను తెలిసికొనుచుండిరి. 1929లో ఆరంభమైన వెర్నే సర్వేవారు తూర్పుకనుమల పక్షులను కొట్టి చర్మములు సేకరించి, వానినిబట్టి గ్రంథము చేసిరి. ఇప్పుడు చంపక తెలిసికొను పని దుర్భిణిది. మన కొండలలోనే ఒక నిదర్శనము చెప్పెదను. 1973లో కృష్ణరాజుగారును, ట్రెవర్ ప్రైస్ గారును తూర్పుకనుమలలో చెట్టుపిచ్చుక యున్నదని ప్రకటించిరి. మనదేశమున ఆ పిచ్చుక ముఖ్యముగా హిమాలయపు ప్రాంతములది. మన యూరపిచ్చుకకును దానికిని భేద మతిస్వల్పము. ఊరపిచ్చుక పోతునకు నడినెత్తి బూడిదవన్నె. దీనికి నెత్తియంతయు గోధుమవన్నె, తెల్లని చెక్కిలిమీద నల్లనిచుక్క. ఆడుమగలకు భేదము లేదు. మన్యమందలి పెద్దలు తమ యింటిచూరున వ్రాలు పిచ్చుకల చెక్కిళ్ళను ఒకమాఱు పరికించి చూడుడు. దీనికి వేయిగజముల చూపు అక్కఱలేదు, దగ్గఱి చూపు కావలెను. కొన్ని దుర్భిణులు పదునైదు అడుగులలోపల నున్నదానిని మసకగా చూపును. కనుక కొనునపుడు అంగడిలోనే పది అడుగుల దూరమున గోడమీది క్యాలెండరులో తిథివారములను చదివి చూచుకొనుడు.